మాస్ బాల్ గోధుమరంగుకు తిరిగింది, ఇంకొకటి పైకి తేలుతోంది: ఏం చెయ్యాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఉండేది విజయవాడలో. ఫిబ్రవరిలో ఆన్‌లైన్‌లో మూడు మాస్ బాల్స్, అంటే నీళ్లలో పెంచే పచ్చటి పాచి బంతులు, తెప్పించి, రెండు లీటర్ల గాజు జార్‌లో రంగు గులకరాళ్లు పోసి, తూర్పు కిటికీ గట్టు మీద పెట్టారు. మొదట్లో పచ్చగానే ఉన్నాయి. ఏప్రిల్ వచ్చేసరికి ఒకటి గోధుమరంగుకు తిరిగింది, ఇంకొకటి పగటిపూట పైకి తేలుతోంది, మూడోది బాగానే ఉంది. నీళ్లు కొంచెం వాసన వస్తున్నాయి. ఎరువు తక్కువైందా, గాలి మోటార్ పెట్టాలా, జార్ బోసిగా ఉంది కాబట్టి ఒక ఫైటర్ చేపను వెయ్యొచ్చా అని అడిగారు.

ఎరువు వద్దు. మోటార్ అక్కర్లేదు. ఫైటర్ సంగతి చివర్లో చెప్తాను. ముందు ఆ జార్‌ను ఇవాళే కిటికీ దగ్గర్నుంచి తీసెయ్యండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు, ఈ ఒక్క పనీ రేపటికి వాయిదా వెయ్యకండి.

ఎందుకంటే మన దగ్గర మాస్ బాల్స్ చచ్చిపోయేది పట్టించుకోకపోవడం వల్ల కాదు. ఎండ వల్ల, వేడి వల్ల. మొక్క అనగానే వెలుతురు చూపించాలని అందరికీ అనిపిస్తుంది. వీటి విషయంలో ఆ ప్రేమే ప్రాణం మీదకు తెస్తుంది.

ఇది ఎక్కడిదో తెలిస్తే ఎలా చూసుకోవాలో సగం మీకే తడుతుంది. పేరులో మాస్ (అంటే నాచు) ఉన్నా ఇది పాచి జాతి. శాస్త్రవేత్తలు ఏగాగ్రోపైలా లిన్నేయై అంటారు, జపాన్‌లో మారిమో అంటారు. అక్కడి హొక్కైడో దీవిలో అకాన్ అనే సరస్సు ఉంది, చలికాలంలో పైన గడ్డకట్టిపోతుంది. దాని అడుగున ఈ బంతులు 20, 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. జపాన్ ప్రభుత్వం 1952లో వీటిని ప్రత్యేక సహజ స్మారకంగా ప్రకటించింది, అకాన్ బంతుల్ని ఎవరూ ముట్టుకోవడానికి లేదు. సరస్సు మీద గాలి వీచి అలలు లేస్తే అడుగున ఇవి అటూ ఇటూ దొర్లుతాయి. అలా దొర్లడం వల్లే అన్ని వైపులా కాస్త వెలుతురు తగులుతుంది, మీద పడ్డ బురద రాలిపోతుంది, గుండ్రంగా తయారవుతాయి. అంటే వీటికి అలవాటైంది చల్లటి నీళ్లు, మసక వెలుతురు, అప్పుడప్పుడూ ఒక కదలిక. మీ కిటికీ గట్టు మీద ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. ఏప్రిల్ ఎండ పొద్దున్నే నేరుగా తగిలితే రెండు లీటర్ల నీళ్లు వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు.

ఇప్పుడు ఒక్కో బంతి సంగతి చూద్దాం.

తేలుతున్నదాని గురించి కంగారు పడకండి. పగలు తేలి, రాత్రి దీపాలు ఆర్పాక మునిగిపోతుంటే అది మూడింట్లోకీ ఆరోగ్యమైనది కావచ్చు. వెలుతురులో ఆహారం తయారు చేసుకుంటూ ఆక్సిజన్ వదులుతుంది. ఆ చిన్న చిన్న బుడగలు పోగుల మధ్య చిక్కుకుని బంతిని పైకి లేపుతాయి. చీకటి పడ్డాక బుడగలు పోయి మళ్లీ కిందికి దిగుతుంది. బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు దీని మీద ప్రయోగాలు చేసి 2018లో ప్రచురించారు. తేలడానికి ఈ బుడగలే కారణమనీ, పగలూ రాత్రీ పాటించే లోపలి గడియారం కూడా వీటికి ఉందనీ అందులో తేల్చారు. ఒక్కటి మాత్రం గమనించండి. రాత్రి కూడా మునగకుండా తేలుతూనే ఉంటే చేతిలోకి తీసుకుని, నీళ్లలోనే ఉంచి మెల్లగా నొక్కండి. ఉట్టి గాలే అయితే బుడగలు వచ్చి మునిగిపోతుంది. నొక్కినప్పుడు మురుగు కాలువ వాసన వస్తే అది కుళ్లు వల్ల పుట్టిన వాయువు. అప్పుడు దాన్నీ గోధుమరంగు బంతితో పాటే చూడాలి.

గోధుమరంగు బంతి విషయంలో ముందు తేల్చుకోవాల్సింది, ఆ రంగు పైపైనే ఉందా, లోపలి నుంచి వచ్చిందా అని. ఒక తెల్లటి గిన్నెలో క్లోరిన్ పోయిన నీళ్లు పోసి అందులో వెయ్యండి. బొటనవేలితో ఒకచోట రుద్దండి. గోధుమరంగు పొడిలా రాలి కింద పచ్చ కనిపిస్తే అది డయాటమ్ అనే వేరే పాచి, కొత్త జార్‌లలో మామూలే. కడిగితే పోతుంది. రుద్దినా రాకుండా పోగులే గోధుమరంగులో ఉంటే వేడికో ఎండకో మాడాయన్నమాట. తెల్లబారి, గడ్డిపరక ఎండినట్టు పాలిపోయి ఉంటే అది వెలుతురు ఎక్కువైన గుర్తు. ఇక నల్లగా, జిగురుగా ఉండి వేలు పెడితే లోపలికి దిగిపోతుంటే అక్కడ కుళ్లింది.

నీళ్ల వాసన ఉందంటున్నారు కాబట్టి మీదానిలో కొంత కుళ్లు ఉండే అవకాశమే ఎక్కువ. భయపడకుండా దాన్ని విప్పండి. కత్తి అక్కర్లేదు, రెండు చేతులతో పట్టుకుని బొటనవేళ్లతో మధ్యలో చీలిస్తే ఉన్నిలా విడిపోతుంది. నల్లటి, జిగురు భాగం గోళ్లతో గిల్లి పడెయ్యండి. గట్టిగా, పోగులు పోగులుగా ఉన్నది ఏ రంగులో ఉన్నా ఉంచండి. లోపల వెలుతురు తగలని పోగులు వెలిసిపోయినట్టు కనిపించినా చాలాసార్లు బతికే ఉంటాయి, బయటపడి కాస్త వెలుతురు చూశాక పచ్చబడతాయి. మిగిలిన ముక్కల్ని అరచేతుల మధ్య మెల్లగా ఉండలా చుట్టి, నూలు దారంతో వదులుగా రెండు మూడు చుట్లు చుట్టండి. నైలాన్ దారం వద్దు, నూలైతే కొన్నాళ్లకు దానంతటదే కరిగిపోతుంది. ముక్క ఉసిరికాయంతే మిగిలినా పర్లేదు. కానీ అది పెద్దదవుతుందని రోజూ చూస్తూ కూర్చోకండి. ఏడాదికి 5 మిల్లీమీటర్లు పెరిగితే గొప్ప. పుంజుకోవడం కూడా నెలల మాటే. వారంలో మార్పు లేదని ఏదో మందు వేసేవాళ్లే ఎక్కువమంది చేజేతులా చంపుకుంటారు.

మందుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. అక్వేరియం షాపుల్లో నీళ్లు పచ్చబడకుండా అమ్మే పాచి మందులు ఏవీ ఈ జార్‌లో పడకూడదు. ఇదీ పాచే కాబట్టి ముందు దీన్నే చంపుతాయి. రాగి ఉన్న చేపల మందులూ అంతే. ఎరువు కూడా వద్దన్నాను కదా, ఐస్‌లాండ్‌లో మీవాట్న్ అనే సరస్సుకు పట్టిన గతి చూస్తే ఎందుకో తెలుస్తుంది. అక్కడ ఒకప్పుడు అడుగంతా ఈ బంతులే పరుచుకుని ఉండేవి. నీళ్లలో పోషకాలు పెరిగి, వేరే సూక్ష్మ పాచి చిక్కగా అలుముకుని, అడుగుకు వెలుతురు అందక 2014 నాటికి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయని అక్కడి శాస్త్రవేత్తలు చెప్పారు. మీ జార్‌లో ఎరువు వేస్తే జరిగేదీ అదే. బంతి కన్నా ముందు గాజుకు పట్టిన జిగురు పాచి బలుస్తుంది.

కొంతమంది ఉప్పు వెయ్యమని చెప్తారు. అందులో కొంత నిజం ఉంది. ఈ జాతి కాస్త ఉప్పు కలిసిన నీళ్లను తట్టుకుంటుంది, బాల్టిక్ సముద్రంలోనూ ఉంది. రంగు మారిన బంతికి 5 లీటర్లకు ఒక చిన్న చెంచా కల్లుప్పు కలిపిన నీళ్లు కొన్నాళ్లు వాడితే నష్టమేమీ లేదు. కానీ ఎండలో ఉన్న జార్‌కు ఉప్పేసి లాభం లేదు.

ఇక కడగడం. మామూలు రోజుల్లో రెండు వారాలకోసారి, ఇప్పుడు ఎండాకాలం కాబట్టి వారానికోసారి నీళ్లు మొత్తం మార్చండి. బంతుల్ని గిన్నెలో వేసి, నీళ్లలో ముంచి ఉంచే స్పాంజిలా మెల్లగా రెండు మూడుసార్లు నొక్కి వదలండి. మొదటిసారి టీ డికాక్షన్ రంగులో నీళ్లు వస్తాయి, అది చేరిన మురికే, కంగారు పడొద్దు. మెలితిప్పి పిండకండి, కుళాయి ధార కింద పెట్టకండి, పోగులు తెగుతాయి. నీళ్లు తేటపడ్డాక అరచేతిలో ఒకసారి దొర్లించి, ఇంతకు ముందు కింద ఉన్న వైపు పైకి వచ్చేలా జార్‌లో పెట్టండి. అకాన్‌లో అలలు చేసే పని ఇక్కడ మీ చెయ్యి చెయ్యాలి, ఎప్పుడూ ఒకే వైపు కింద ఉంటే అటు పక్క చదునుగా అయిపోయి రంగు వెలుస్తుంది. మధ్యలో గుర్తొచ్చినప్పుడు జార్‌ను పట్టుకుని ఒకసారి గుండ్రంగా తిప్పినా చాలు.

అసలు కష్టం మే నెలది. 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఇవి హాయిగా ఉంటాయి. 28 దాటాక ఇబ్బంది మొదలవుతుంది, 30 పైన రోజుల తరబడి ఉంటే లోపల్నుంచి కుళ్లడం మొదలవుతుంది. విజయవాడలో మే నెలలో ఫ్యాన్ కింద పెట్టిన నీళ్లు కూడా 30 దాటుతాయి. ఏసీ పగలంతా వేసే గది ఉంటే బాధ లేదు. లేకపోతే మన పాత పద్ధతే ఉంది. వెడల్పాటి మట్టి తొట్టిలో నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి తడిపి, మధ్యలో జార్ దించి, చుట్టూ ఇంకొంచెం తడి ఇసుక నింపండి. తొట్టి చుట్టూ తడి గోనెపట్టా కప్పి ఫ్యాన్ గాలి తగిలేచోట, నీడలో పెట్టండి. తేమ ఆరుతున్నకొద్దీ లోపల నీళ్లు కొన్ని డిగ్రీలు చల్లబడతాయి. గాలి పొడిగా ఉండే హైదరాబాదులో, రాయలసీమలో ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట ఉక్కపోత వల్ల అంతగా చల్లబడదు. మీ ఊళ్లో వడగాలి వీచే రోజుల్లో బాగుంటుంది, ఉక్కబోసే రోజుల్లో అంతంతమాత్రం.

ఐస్ ముక్కలు మాత్రం వెయ్యకండి. గంటలో కరిగిపోతాయి, మళ్లీ వేడెక్కుతుంది, రోజంతా ఈ ఎగుడుదిగుడే.

అన్నిటికన్నా నమ్మకమైనది ఫ్రిజ్. నవ్వకండి, నిజంగానే చెప్తున్నాను. వేడి మరీ ఎక్కువైన వారాల్లో మూత ఉన్న డబ్బాలో నీళ్లు పోసి బంతుల్ని వేసి, ఫ్రిజ్‌లో కింది అరలో, కూరగాయల దగ్గర పెట్టండి. ఫ్రీజర్ పక్కన వద్దు. చీకట్లో, చల్లగా, వాటికి అది చలికాలమే. పది రోజులకోసారి నీళ్లు మార్చండి. ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి డబ్బా మీద చీటీ అంటించండి, లేకపోతే పాడైన చట్నీ అనుకుని సింకులో పారబోస్తారు. తీశాక నేరుగా వెలుతురులో పెట్టొద్దు. చల్లటి నీళ్లలో ఉన్నప్పుడు గట్టి వెలుతురు పడితే వీటిలో ఆహారం తయారుచేసే వ్యవస్థ దెబ్బతింటుందని అకాన్ సరస్సు బంతుల మీదే టోక్యో యూనివర్సిటీ పరిశోధకులు 2022లో చూపించారు. చలికాలంలో సరస్సు మీద గడ్డకట్టే మంచు పలచబడితే ఏమవుతుందన్నది వాళ్ల ఆందోళన. మనకు పనికొచ్చేది ఇంతే: డబ్బాను ముందు గదిలో ఒక నీడ మూల ఉంచి, నీళ్లు గది వేడికి వచ్చాకే జార్‌లోకి మార్చండి.

వెలుతురు విషయంలో, ఉత్తరం కిటికీకి రెండు మూడు అడుగుల లోపల ఒక టేబులు చాలు. పేపరు చదువుకునేంత వెలుతురు ఉంటే సరిపోతుంది. గది మరీ చీకటైతే చిన్న ఎల్‌ఈడీ దీపం రోజుకు ఆరేడు గంటలు వెయ్యండి.

నీళ్ల గురించి అందరూ అనవసరంగా ఎక్కువ ఆలోచిస్తారు. మీకు వచ్చేది కృష్ణ నీళ్లే కాబట్టి బ్లీచింగ్ వాసన పోగొట్టుకుంటే చాలు. బకెట్‌లో పట్టి మూత లేకుండా 24 గంటలు ఉంచండి. తొందరైతే అక్వేరియం షాపులో క్లోరిన్ పోగొట్టే హైపో స్ఫటికాలు అమ్ముతారు, బకెట్‌కు ఒకటి రెండు పలుకులు చాలు. కానీ మధ్యాహ్నం కుళాయి తిప్పి పట్టకండి. మేడ మీద నల్ల ట్యాంకులో మరిగిన నీళ్లవి. తెల్లవారుజామున పట్టుకోండి. బోరు నీళ్లయినా బతుకుతాయి, గాజు మీద తెల్లటి చారలు కడతాయంతే. ఆర్వో నీళ్లు ఒక్కటే పోస్తే అందులో లవణాలు దాదాపు ఉండవు, సగానికి సగం కుళాయి నీళ్లు కలపండి.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ మన ఊళ్లలో తప్పదు. మూతలేని జార్‌లో నిలవ నీళ్లంటే డెంగీ దోమకు పిలిచి పీట వేసినట్టే. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. వారానికోసారి నీళ్లు మార్చమన్నది ఇందుకు కూడా. నీళ్లు పారబోసేటప్పుడు జార్ లోపలి అంచు, నీటి గీత దగ్గర చుట్టూ గుడ్డతో గట్టిగా తుడవండి, గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి. మూతికి పలుచటి నెట్ గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగిస్తే ఇంకా మంచిది. దోమల నివారణకు ఇంటికొచ్చే సిబ్బంది నిలవ నీళ్లు చూస్తే మందు చుక్కలు వేస్తారు. నెట్ చూపించి, వారం వారం మారుస్తున్నామని చెప్తే సరిపోతుంది.

రంగు గులకరాళ్లు తీసెయ్యడమే మేలు. చౌక రకాల్లో రంగు దిగుతుంది. తెల్ల రుమాలులో ఒక గుప్పెడు వేసి గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టండి, రుమాలుకు రంగు అంటితే సంగతి మీకే తెలుస్తుంది. నది గులకరాళ్లు బాగా కడిగి, సన్నటి పొర మాత్రమే వెయ్యండి. మందంగా పోస్తే మధ్యలో మురికి చేరి, మీరన్న ఆ వాసనకు అదీ ఒక కారణమవుతుంది.

ఇక మీద కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మన మార్కెట్‌లో ప్లాస్టిక్ వలకో స్పాంజి ముక్కకో జావా మాస్ అనే అక్వేరియం నాచు చుట్టి మాస్ బాల్ అని అమ్మేవాళ్లు ఉన్నారు. భూతద్దం కూడా అక్కర్లేదు, దగ్గరగా చూస్తే జావా మాస్‌కు సన్నటి కాడలు, వాటికి చిన్న చిన్న ఆకులు కనిపిస్తాయి. అసలుదానికి ఆకులుండవు, ముఖమల్ గుడ్డలా పోగులే. గోటితో కొంచెం విప్పితే లోపలా అవే పోగులు ఉండాలి. మీరు గోధుమరంగు బంతిని ఎలాగూ విప్పుతారు కాబట్టి అదీ తేలిపోతుంది. జావా మాస్ అయితే పాపం దానికీ పెద్ద ఇబ్బంది లేదు, వేడిని ఇంకాస్త బాగానే తట్టుకుంటుంది. మధ్యలో స్పాంజి తీసేసి ఒక రాయికి కట్టండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా ఇక్కడ చదువుతుంటారు కాబట్టి ఒక మాట. 2021 మార్చిలో అక్కడి పెట్ షాపుల్లో అమ్మిన మాస్ బాల్స్ లోపల జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పలు దొరికాయి. అవి అక్కడి సరస్సుల్లో పడితే నీటి పైపుల్ని కూడా పూడ్చేస్తాయి. అనుమానం ఉన్న బంతుల్ని ఫ్రీజర్‌లో 24 గంటలు పెట్టో, కనీసం ఒక నిమిషం మరిగించో, ఆ తర్వాత చెత్తబుట్టలోనే వెయ్యమని ప్రభుత్వ శాఖలు చెప్పాయి. ఇక్కడ మనకైనా కుళ్లిన ముక్కల్నీ జార్ నీళ్లనీ కాలువలో పారబొయ్యడం మంచి అలవాటు కాదు. నీళ్లు పూలకుండీలో పొయ్యండి, ముక్కలు చెత్తలో వెయ్యండి. బయటి నుంచి వచ్చిన గుర్రపుడెక్క మన చెరువుల్ని ఏం చేసిందో చూస్తూనే ఉన్నాం.

చివరగా ఫైటర్. రెండు లీటర్ల జార్‌లో వద్దు. చేప వ్యర్థాలతో అన్ని తక్కువ నీళ్లు రెండు మూడు రోజుల్లోనే పాడవుతాయి. పైగా ఫైటర్‌కు 26, 27 డిగ్రీలు కావాలి, బంతికి అంతకన్నా చల్లదనం కావాలి, ఒకరికి సరిపడింది ఇంకొకరికి ఇబ్బంది. గోల్డ్‌ఫిష్ అయితే బంతిని పీకి పోగులు పెట్టేస్తుంది, దాని పేరే ఎత్తొద్దు. ఏదో ఒక కదిలే జీవి ఉండాలనిపిస్తే చెర్రీ రొయ్యలు వీటికి సరైన జోడీ, రోజంతా బంతి మీద కూర్చుని మురికి ఏరుకు తింటాయి. కానీ వాటికి కనీసం 10, 15 లీటర్ల తొట్టి, చిన్న స్పాంజి ఫిల్టర్ కావాలి, ఉప్పు నీళ్లు పనికిరావు, 30 దాటిన వేడిలో అవీ రాలిపోతాయి. అందుకని ఎండలు తగ్గేదాకా ఆగి, అక్టోబరు తర్వాత తొట్టి సిద్ధం చేసి, నెల రోజులు ఫిల్టర్ తిరగనిచ్చి, అప్పుడు ఓ పది రొయ్యలు తెచ్చుకోండి.